ఎద్దులు లేని ఇంట్లో పద్నాలుగు పట్టెడలు

మా ఇంట్లో మువ్వల పట్టెడలు పద్నాలుగు ఉన్నాయి. ఎద్దులు లేవు. ప్రొద్దుటూరులో మొదటి అంతస్తులో అద్దెకుంటూ ఎద్దుల్ని కట్టేసుకోవడం ఎట్లాగూ కుదరదు. ఎద్దు మెడకు కట్టే ఆ తోలు పట్టీలు, వాటి మీద కుట్టిన గవ్వలు, ఇత్తడి మువ్వలు, ఎర్ర ఊలు కుచ్చులు మా ముందర గదిలో గోడకు వరసగా వేలాడుతుంటాయి. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు ముందు వాటిని చూసి, తరవాత నన్ను చూసి, కాసిని మంచినీళ్ళు అడుగుతారు.

మా ఆవిడ టీచరు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పకపోతే ఆ ఉద్యోగం జరగదు. "పద్నాలుగు పట్టెడలుండాయి, ఎద్దేమో ఒకటే. అదీ పొద్దున్నే ఆఫీసుకు పోతాది" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. చుట్టాలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాఫీ పెట్టాల్సింది ఆమే కాబట్టి.

నేను గుమాస్తాను. ఆఫీసు కాగితాలు పట్టుకుని జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల బస్సుల్లో తిరగడం నా పనిలో ఒక భాగం. కాగితాల పని గంటలో తెమిలిపోతుంది. తక్కిన పూటంతా పాత ఇత్తడి కొట్లు, సంతలు, పశువుల కొట్టాలు తిరుగుతాను. చేత్తో పేనిన ముకుతాడు కనిపించినా, చేత్తో కుట్టిన పట్టీ కనిపించినా నా కాలు ఆడనే ఆగిపోతుంది. ఒకసారి మేమిద్దరం గండికోటకు పోయాము. మా ఆవిడ లోయను చూసింది. నేను దారిలో ఒక మేక మెడలో ఉన్న తాడును చూశాను. మూడు రంగుల నూలు కలిపి బలే పేనారు. మేకలాయన దాన్ని ఇవ్వనన్నాడు. నేను అరగంట బతిమాలాను. తిరుగు బస్సులో మా ఆవిడ "ఆ గండిలో నీళ్ళుండాయా లేవా, అదన్నా చూసినావా?" అని అడిగింది. నేను చూడలేదు.

మోసపోవడం కూడా బాగానే జరిగింది. మైదుకూరు సంతలో ఒకాయన పిల్లల మీద ఒట్టేసి, ఇది తన తాత ముత్తాతల నాటి పట్టెడ అని చెప్పి అమ్మాడు. ఇంటికి తెచ్చి తడిబట్టతో తుడిస్తే లోపలి పక్క బార్‌కోడ్ చీటీ బయటపడింది. దాన్నీ గోడకు తగిలించాను. వరసలో అది ఆరోది.

ఈ పిచ్చికి ఒక కారణముంది. దాన్ని చాలా ఏళ్ళు మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మాది పశువులు మేపుకుంటూ కొంచెం సేద్యం చేసుకున్న ఇల్లు. మా నాయనకు ఒక జత ఎద్దులుండేవి. నేను పదో తరగతిలో ఉండగా వాటిని అమ్మాడు. మా దిక్కున పశువును అమ్మినా దాని మెడలో తాడును అమ్మరు. తాడు ఇస్తే కొట్టంలో ఉన్న కళ కూడా దాని వెంబడే పోతుందంటారు. కొన్నవాడే తన తాడు తెచ్చుకుని కట్టి తోలుకుపోవాలి. ఆ రోజు మా నాయన రెండు పట్టెడలూ విప్పి, పంచెతో తుడిచి, కొట్టంలో కొయ్యకు తగిలించాడు. మళ్ళీ జత కొన్నప్పుడు వాటినే కట్టాలని ఆయన ఆశ.

నెల తిరక్కముందే నేను వాటి మువ్వలన్నీ కోసి, ప్రొద్దుటూరులో పాత ఇత్తడి కొట్లో వేసి, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని సినిమాకు పోయాను. సినిమా బాగాలేదు. మా నాయన కొట్టలేదు, తిట్టలేదు. ఉత్త పట్టీని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "మువ్వల్లేకుంటే ఇది పట్టెడ గాదురా, బెల్టు. నువ్వే పెట్టుకో" అన్నాడు. తరవాత ఆయన ఎద్దులు కొననే లేదు. ఇప్పుడు ఆయనా లేడు. మూడు గవ్వలకొక మువ్వ చొప్పున కుట్టిన అట్లాంటి జత ఒకటి మళ్ళీ నా ఇంట్లో ఉండాలని నా పట్టు. గోడ మీది పద్నాలుగింటిలో ఒక్కటీ అట్లాంటిది కాదు.

రెండేళ్ళ కిందట పులివెందుల బస్టాండు దగ్గర నా బ్యాగు జిప్పు తెగింది. రోడ్డు పక్కన పట్ట కట్టుకుని, దాని కింద బ్యాగులు బాగుచేసే ఒక పెద్దాయన ఉంటే ఆయన ముందర కూర్చున్నాను. ఆయన జిప్పు లాగుతుంటే నా కళ్ళు పట్టకు ఆనించిన కట్టె మీదికి పోయాయి. దానికొక పట్టెడ వేలాడుతోంది. మూడు గవ్వలు, ఒక మువ్వ, మళ్ళీ మూడు గవ్వలు. మా నాయన పట్టెడల కుట్టు అదే.

"మామా, అది అమ్ముతావా?"

"అది అమ్మేది గాదు. మచ్చు కోసరం పెట్టుకున్యా."

"ఎవరు కుట్టింది?"

"నేనే. ముందర నాకు అదే పని. ఇప్పుడు ఈ జిప్పుల పని చేస్తాండా."

"నాకొక జత కుట్టియ్యి మామా."

ఆయన చేతిలో పని ఆపి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎద్దులుండాయా?" అన్నాడు.

ఉన్నాయన్నాను. లేవంటే సూది ముట్టడని ఆ చూపులోనే అర్థమైంది. వయసు తెలుసుకోవడానికి ఎన్ని పండ్లేశాయని అడిగాడు, ఆరు పండ్లన్నాను. ఎట్లా ఉంటాయని అడిగాడు. నాకు తెలిసిన ఎద్దులు ఒక్క జతే, వాటినే చెప్పాను. ఒకటి పాలతెలుపు. రెండోదానికి మూపురం మీద అరచేయంత నల్లమచ్చ, ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంకర. తొట్టి దగ్గరికి ఎప్పుడూ రెండోదే ముందు పోతుంది, పోయి తాగకుండా మొదటిదాని కోసం నిలబడుతుంది. పెద్దాయన బ్యాగును పక్కన పెట్టేశాడు.

"ఎద్దు మెడకు పట్టెడ కట్టి నాలుగేండ్లాయప్పా," అన్నాడు. "అందరికీ ట్రాక్టర్లాయె. నాకు కండ్లు గూడా మసకలొస్తాండాయి. నీకొక జత కుట్టి, నా చేత్తో ఎద్దు మెడకు కట్టి, ఇంక ఈ పని సాలిస్తా. ఒక మాట. నేను కుట్టింది నేనే కడ్తా. చేతికియ్యను."

ఎద్దు లేనివాడికి ఇంతకంటే కష్టమైన షరతు ఉండదు. సరేనన్నాను. ముందు కుట్టనీ, తరవాత ఏదో ఒకటి చెప్పి చేతిలోకి తీసుకుందాంలే అనుకున్నాను.

ఆయన రెండు దారాలిచ్చి, ఒక్కో ఎద్దు మెడ కొలత పట్టుకురమ్మన్నాడు. దారాన్ని చెవుల వెనక చుట్టి ఒక ముడి, మూపురం ముందర చుట్టి ఒక ముడి వెయ్యమన్నాడు. ఇంటికొచ్చి గదులన్నీ తిరిగి చూశాను. ఎద్దు మెడకు దగ్గరగా మా ఇంట్లో ఉన్నది గ్యాస్ సిలిండరు ఒక్కటే. దానికి పైన ఒకసారి, కింద ఒకసారి దారం చుట్టి ముడులేస్తుంటే మా ఆవిడ వంటింటి గడప మీద నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే చుట్టాలొచ్చేదాకా దాచిపెట్టుకుంటోందని అర్థం.

మరుసటి వారం పెద్దాయన ఆ దారాల్ని బారుగా పట్టి, ముడుల్ని వేలితో తడిమి చూశాడు.

"పైనా కిందా ఒగే కొలత ఉండాదేందప్పా? ఇది ఎద్దు గాదు, డ్రమ్ము."

"సరిగ్గా పట్టలేదేమో మామా."

"ఎద్దు దగ్గరికి పోను బయపడినావులే. ఆఫీసోళ్ళంతా ఇంతే. ఆదివారం పట్టెడలు తీస్కోని నేనే వస్తా, ఆడనే కొల్చి కడ్తా. యాడ మీ ఇల్లు?"

అప్పటికైనా నిజం చెప్పి ఉండొచ్చు. వీధి పేరు చెప్పి, సందు తిరిగాక ఎన్నో ఇల్లో కూడా చెప్పి వచ్చాను. ఎద్దులు మా ఊర్లో కొట్టంలో ఉన్నాయని, పట్టెడలు ఇచ్చిపోతే నేను కట్టుకుంటానని ఒక కథ కూడా సిద్ధం చేసుకున్నాను. శనివారం సాయంత్రం గోడకు కొత్తగా రెండు మేకులు కొట్టాను. "ఎద్దుల్ని యాడ కడ్తావు, బాల్కనీలోనా?" అని మా ఆవిడ అడిగింది.

ఆదివారం పొద్దున్నే పెద్దాయన పులివెందుల బస్సు దిగి వచ్చాడు. చలవ పంచె కట్టుకున్నాడు, భుజం మీద కొత్త తువ్వాలు, చేతిలో సంచి. పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. కింద స్కూటర్లు నిలిపిన చోట నిలబడి కొట్టం కోసం అటూ ఇటూ చూస్తుంటే నేను మేడ మీదికి పిలిచాను. మెట్లెక్కి గడప దాటి గోడను చూశాడు.

చూసి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. మనిషి పోయిన ఇంట్లో నిలబడినట్టు నిలబడ్డాడు. ఒక్కో పట్టెడనూ చూసుకుంటూ చివరిదాకా పోయి, నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇన్ని ఎద్దులు పోయినాయాప్పా మీ ఇంట్లో?"

ఆ గోడను అన్నేళ్ళు అంతమంది చూశారు. ఒకరు మ్యూజియం అన్నారు, ఒకరు పిచ్చి అన్నారు. ఎద్దు లేని పట్టెడ అంటే ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఎద్దు అని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు నిజానికి, అది నాకు పదో తరగతిలోనే తెలుసు. సిద్ధం చేసుకున్న కథ నోట్లోంచి రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇవన్నీ కొన్నవని, నాకు ఎద్దులు లేవని, ఎప్పుడూ లేవని చెప్పాను. మువ్వలు కోసింది, సినిమాకు పోయింది, మా నాయన అన్న మాట, అన్నీ చెప్పేశాను. కాఫీ గ్లాసులు పట్టుకుని మా ఆవిడ ఆడనే నిలబడిపోయింది.

పెద్దాయన కాఫీ తీసుకుని నిదానంగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, "మరి ఆ కొమ్ము వంకరది?" అన్నాడు.

"అది మా నాయన ఎద్దు మామా. అమ్మి ముప్పై ఏండ్లు దాటింది."

"అబద్ధం చెప్పినా ఎద్దును మాత్రం బాగ చెప్పినావు. నేను దాన్ని మనసులో పెట్టుకొనే కుట్టినా."

సంచిలోంచి జత తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొలత చూసి కొస కుట్టడం ఒక్కటే మిగిలింది. మూడు గవ్వలు, ఒక మువ్వ. మా నాయన కొయ్యకు తగిలించినవి ఇవే అన్నా నేను నమ్ముతాను. చెయ్యి చాచాను. ఆయన వాటిని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

"ఎద్దు లేకుండా ఎట్లియ్యాలప్పా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. సంచి సర్దుకుని లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నేను గోడ మీది ఆ కొత్త మేకుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"పెద్దాయనా, కుచ్చో," అంది మా ఆవిడ. "మా తమ్మునికి ఎద్దులుండాయి. బండ లాగే ఎద్దులు. మైదుకూరు దావలోనే." తరవాత నన్ను చూసి, "నిలబడి ఏం చూస్తాండావు? ఆటో పిల్చుకొని రాపో" అంది.

మా బామర్ది ఎద్దులు ఏనుగుగున్నల్లా ఉంటాయి. పందేలకు తిప్పే ఎద్దులు. మెడల్లో నైలాను తాళ్ళు, రంగురంగుల ప్లాస్టిక్ పూసలు. పెద్దాయన కొట్టంలోకి పోయి మొదటి ఎద్దుకు దగ్గరగా నిలబడ్డాడు. తరవాత దాని గంగడోలు కింద చెయ్యి పెట్టి నిమిరాడు. అది మోర పైకెత్తి ఇచ్చింది. ఆయన జేనతో చెవుల వెనక ఒకసారి, మూపురం ముందర ఒకసారి కొలిచి, ఆడనే గొంతుకూర్చుని కొస కుట్టడం మొదలుపెట్టాడు. సూదిలోకి దారం మా ఆవిడ ఎక్కించి ఇచ్చింది. ఆయనకు కనపడలేదు. కుట్టడానికి మాత్రం ఎవరి సాయమూ అడగలేదు.

రెండింటికీ కట్టి లేచి నిలబడ్డాడు. ఈగ వాలిందేమో, మొదటి ఎద్దు తల విదిలించింది. మువ్వలు మోగాయి. దాన్ని చూసి రెండోది విదిలించింది.

సాయంత్రం పూట మా నాయన చేను నుంచి వస్తున్నాడని మా అమ్మ ఆ చప్పుడు వినే పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ఇంటికి ఇంకా ఎంత దూరంలో ఉన్నాడో కూడా చెప్పేది. నేను పద్నాలుగు పట్టెడలు కొని గోడకు తగిలించాను గానీ, ఒక్కటన్నా మోగలేదన్న సంగతి ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందని చెప్పుకోవచ్చు, కొట్టంలో దుమ్ము కూడా ఉంది. అయినా ఏడుపే.

మా బామర్ది మొహమాటస్తుడు. "బావా, ఇవి నీ కోసరం కుట్టించుకున్యావంట గదా. పొయ్యేటప్పుడు ఇప్పుకొని పోతావా?" అని అడిగాడు.

పెద్దాయన నా మొహంలోకి చూశాడు. ఇంట్లో గోడకు కొట్టి ఉంచిన రెండు ఖాళీ మేకుల్ని ఆయన చూసే ఉంటాడు.

"లేదులేప్పా, ఉండనీ," అన్నాను.

పెద్దాయన మా బామర్ది వైపు తిరిగాడు. "ఈ ఎద్దుల్ని అమ్మేనాడు ఇప్పు. అందాకా ఇప్పొద్దు. కొన్నోనికి మాత్రం ఇయ్యొద్దు."

"అట్లనే పెద్దాయనా," అని మా బామర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వేం బాధపడొద్దు బావా. అమ్మేనాడు రెండూ ఇప్పి, తుడిచి, నీ చేతిలోనే పెడ్తా."

అట్లాంటి మాట కోసమే నేను ఇన్నేళ్ళు ఊళ్ళు తిరిగాను.

"అమ్మొద్దురా," అన్నాను.