చిల్లు పతంగి

ఇక్కడ అమెరికాలో, మా పెద్దోడి ఐదో క్లాసులో వాళ్ల టీచరు ఒక నవల ఇచ్చింది. రాజుల కాలం నాటి కొరియా, అందులో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల పతంగులు. రోజూ సాయంత్రం కొంచెం పైకి చదవాలి, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు కూర్చుని వినాలి. మా ఇంట్లో వినే పెద్దవాళ్లంటే నేనే. మా ఆయన ఆ టైమ్‌కి ఎప్పుడూ ఏదో ఒక మీటింగ్‌లో ఉంటాడు, కెమెరా ఆఫ్ చేసి.

వాడు డైనింగ్ టేబుల్ దగ్గర చదువుతుంటే నేను చపాతీలు ఒత్తుతూ వినేదాన్ని. ఊరికే వినలేదు లెండి, పుస్తకంతో పోట్లాడేదాన్ని. హైదరాబాద్‌లో డాబాల మీద పెరిగినదాన్ని నేను. మా అన్నలు ఎగరేసేవాళ్లు, తెగిన పతంగుల వెంటపడి లూటీ చేసేది నేను. తెగిన పతంగి ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే, అదీ మా గల్లీ రాజ్యాంగం. ఆ పరుగులో నన్ను ఓడించిన మగపిల్లాడు మా గల్లీలో లేడు, ఇప్పటికీ పుట్టి ఉండడు. అలాంటిదాన్ని, పుస్తకంలో పిల్లలు తప్పుగా ఎగరేస్తున్నారనిపిస్తే నోరు మూసుకుని ఎలా ఉంటాను? డీల్ ఇవ్వండ్రా, దారం వదలండ్రా అని అప్పడాల కర్ర ఊపేదాన్ని. వాళ్లు బుక్‌లో ఉన్నారు, వాళ్లకి వినపడదు అని పెద్దోడు ఓపిగ్గా చెప్పేవాడు.

చిన్నోడిది రెండో క్లాసు. వాడికి కథతో పనిలేదు. అన్న కుర్చీ కింద దూరి కాళ్లు గిల్లడమే వాడి పని. అన్న తన్నేవాడు, వాడు కెవ్వుమనేవాడు. ఇద్దరికీ క్షణం పడదు. వీళ్లకంటే పామూ ముంగిసా నయం.

ఆ చలికాలం మా ఇంట్లో ఇంకో సంగతి కూడా నడుస్తోంది. చిన్నోడి గుండెకి చిల్లు ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. దానంతటదే పూడుకుంటుందేమోనని డాక్టర్లు చూస్తూ వచ్చారు, పూడుకోలేదు. ఫిబ్రవరి ఆఖర్లో ఆపరేషన్ అన్నారు. భయపడాల్సిందేం లేదు, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపించి మూసేస్తాం, మేం రోజూ చేసేదే అని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. ఆవిడకి రోజూ చేసేదే. నాకున్నది మాత్రం ఒక్క చిన్నోడు. నాకు భయమేసింది. స్టవ్ మీద పాలు పొంగి కారిపోతుంటే చూస్తూ నిలబడిపోయేంత భయం.

పెద్దోడు మాత్రం ఆ మాటే ఎత్తలేదు. తమ్ముడిని తన్నడమూ మానలేదు. వీడిది రాతిగుండె, అచ్చం వాళ్ల నాన్న వైపు పోలిక అనుకున్నాను.

ఒక శనివారం వాడు వెదురు పుల్లలు, పల్చటి కాగితం, జిగురు ముందేసుకుని కూర్చున్నాడు. నవల్లో ఉన్నలాంటి పతంగి చేస్తాడట. కొరియా వాళ్లది మన పతంగిలా కోసుగా ఉండదు, తలుపులా నిలువుగా ఉంటుంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత కత్తెర తీసి దాని నడిమధ్యన ఇంత గుండ్రంగా కోసి పారేశాడు. నేను ఊరుకోవచ్చు కదా. చిల్లున్న పతంగి ఎక్కడైనా ఎగురుతుందారా అనేశాను.

అన్న పక్కన చేరి జిగురు పూస్తున్న చిన్నోడి చెయ్యి ఆగిపోయింది. మెల్లిగా టీషర్ట్ మీదికి పోయింది. పెద్దోడు నన్నొక చూపు చూశాడు, మా అత్తగారు కూడా నన్నెన్నడూ అలా చూడలేదు.

"ఇంకా బాగా ఫ్లై అవుతది, అమ్మా. హోల్ లోంచి గాలి వెళ్లిపోతది. అందుకే ఎంత గాలి వచ్చినా చిరగదు" అన్నాడు.

నా నాలుక కోసుకోవాలనిపించింది. లోపలికి పోయి చపాతీ పిండిని పిసికిందే పిసికాను.

నవల ఆఖరి పేజీలు చదివిన రోజు నేను ఇంట్లో లేను. ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల కోసం చిన్నోడిని హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. ఆ రోజు మా ఆయన విన్నాడు. మీటింగ్‌లో ఎలా వింటాడో అలాగే విన్నాడు. కొంప మునిగింది అక్కడే.

ఆ పతంగిని ఫలానా పున్నమి రోజే ఎగరెయ్యాలని పెద్దోడు పట్టుబట్టాడు. కొరియా వాళ్ల కొత్త సంవత్సరంలో వచ్చే మొదటి పున్నమి అట. క్యాలెండర్ తిరగేస్తే అది మన మాఘ పౌర్ణమి. మంచిరోజే కదా అని ఫ్లాస్క్‌లో టీ పోసుకుని, జాకెట్లు తగిలించుకుని, మోరిస్‌విల్‌లో మా ఇళ్ల వెనకున్న గడ్డి మైదానానికి బయల్దేరాం. మా ఆయనది గుంటూరు. ఆయన గాలిపటం అంటాడు, నేను పతంగి అంటాను, పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ తగువు తీరలేదు. ఆయన గాలిపటాన్ని ఎత్తిపట్టుకున్నాడు, నేను పతంగి దారం గుంజాను.

ఏం ఎగిరిందండీ! పైన్ చెట్లు దాటి పోయి, ఆకాశానికి మేకు కొట్టినట్టు నిలబడింది. అంత గాలిలోనూ తొణకలేదు. దారం చిన్నోడి చేతికిచ్చాను. దానికి హోల్ ఉంది, నాకు హోల్ ఉంది అని వాడు పాట కట్టి గెంతడం మొదలెట్టాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టీ పోసే నెపంతో అటు తిరిగాను.

మళ్లీ ఇటు తిరిగేసరికి దారం తెగిపోయి ఉంది, పతంగి ఊగుతూ పోతోంది.

ఇక నాకు ఒళ్లు తెలియలేదు. టీ కప్పు అక్కడే పడేసి లంకించుకున్నాను పరుగు. బాతుల్ని చెదరగొట్టాను. వాకింగ్‌కి వచ్చిన తెలుగు అంకుల్స్‌ని తప్పుకోమన్నాను. మోకాళ్లు వద్దు వద్దంటున్నా వినలేదు. వెనక నుంచి పిల్లలు అరుస్తున్నారు, హుషారు చేస్తున్నారనుకున్నాను. పార్కింగ్ లాట్‌లో ఒక ట్రక్కు మీదికి అది వాలబోతుంటే ఎగిరి దారం అందుకున్నాను. ఎక్కడా చిరగలేదు, నలగలేదు. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా తిరిగొచ్చాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆయనకి అప్పుడేదో గుర్తొచ్చినట్టుంది, తల పట్టుకున్నాడు. పెద్దోడి చేతిలో కత్తెర ఉంది. వాడు ఏడుస్తున్నాడు. ఊహ తెలిశాక నా ఎదుట కన్నీరు పెట్టని పిల్లాడు.

"ఎందుకు తెచ్చావ్, అమ్మా? నేనే కట్ చేశా. దాంట్లో వాడి బ్యాడ్ లక్ ఉంది. అది పోవాలి."

పతంగిని వెనక్కి తిప్పి చూశాను. కింద ఒక మూల తమ్ముడి పేరు, పుట్టినరోజు రాశాడు. నవల చివర్లో ఉందట. ఆ పున్నమి నాడు పేరు రాసి దారం కోసి వదిలేస్తే, ఆ మనిషికి ఆ ఏడు రావాల్సిన కీడంతా పతంగితో పాటు పోతుందట. అలా వదిలిందాన్ని ఎవరూ ముట్టుకోరట, ముట్టుకుంటే ఆ కీడు వాళ్లకి చుట్టుకుంటుందట. ఈ సంగతి నాన్న నాకు చెప్పే ఉంటాడనుకున్నాడు పిచ్చి తండ్రి.

దారిన పోయే దరిద్రాన్ని నెత్తికెత్తుకోవడం అంటే వినడమే గానీ, నేను అచ్చంగా నెత్తిన పెట్టుకునే మోసుకొచ్చాను. నాలుగు రోడ్ల కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయని ఏరుకొచ్చినట్టే. కొరియా ఆచారం నాకు తెలియకపోవచ్చు, దిష్టి సంగతి నాకొకరు చెప్పాలా?

"ఇప్పుడు వాడిది నీకొచ్చేసింది" అన్నాడు పెద్దోడు వెక్కుతూ.

నిజం చెప్తున్నా, ఆ మాటకి నాకు భయం వెయ్యలేదు. గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది.

"నాకొచ్చిందా? అయితే ఇంకేం కావాల్రా, ఉండనీ" అన్నాను. చిన్నోడి చెంపలు రెండు చేతులా నిమిరి, నా కణతల మీద మెటికలు విరిచాను. మా అమ్మ నాకూ అదే చేసేది. పిల్లల గండాలు మాకు రానీ అనడమే కదా అది.

పెద్దోడు ఒప్పుకోలేదు. ముక్కు తుడుచుకుని, వాళ్ల నాన్న జేబులోంచి పెన్ను లాగి, తమ్ముడి పేరు కింద అమ్మ అని రాశాడు. అదీ తెలుగులో. ఆదివారం తెలుగు క్లాసుకి పొమ్మంటే కడుపునొప్పి తెచ్చుకునే వెధవ.

దారం ముడేసి మళ్లీ ఎగరేశాం. ఈసారి కత్తెర నా చేతిలో పెట్టాడు. పుట్టి బుద్ధెరిగి నేను పతంగిని పట్టుకున్నానే గానీ వదిలింది లేదు. ఒక పట్టాన చెయ్యి రాలేదు. కళ్లు మూసుకుని కోసేశాను. అది చెట్ల మీదుగా పోతుంటే నా కాళ్లు వాటంతటవే కదిలాయి. పెద్దోడు నా జాకెట్ చెయ్యి పట్టుకుని పరిగెత్తొద్దన్నాడు. మా ఆయన మాత్రం, అది పక్క కమ్యూనిటీలో పడితే వాళ్లు నోటీసు పంపిస్తారేమోనని గొణుక్కుంటూ ఫ్లాస్క్ సర్దుకున్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున లోపలి తలుపుల దాకా మమ్మల్ని రానిచ్చారు. నర్సు చిన్నోడి మంచాన్ని తోసుకుంటూ పోయింది. వాడు చెయ్యూపాడు. తలుపులు మూసుకుంటుంటే నా కాళ్లు మళ్లీ కదిలాయి. ఎవరో జాకెట్ చెయ్యి గుంజారు. పెద్దోడే. రెండు చేతులతో నన్ను పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ బయటికొచ్చి అంతా బాగా జరిగిందని చెప్పేదాకా వదల్లేదు.

చిన్నోడికి తెలివొచ్చింది. సగం కళ్లు తెరిచి, ముద్దముద్ద మాటలతో వాళ్లన్నని అడిగింది ఒక్కటే, అమ్మ మళ్లీ పతంగి తెచ్చేసిందా అని.

"తేలేదు" అన్నాడు పెద్దోడు. "నేను పట్టుకున్నా అమ్మని."