పెర్‌స్పెక్టివ్ అంటే

"కాదు సార్, నాను సూసాను. తలుపు తీసినా మిషన్ ఆగలేదు."

నా మాట పూర్తవకముందే ఆఫీసాయన ఏదో టైపు చేసేశాడు. పొద్దుటి షిఫ్టు మొదలై గంటన్నా కాలేదు. నా పక్కనే ప్యాకింగ్ చేసే అక్క కుడిచేయి మిషన్‌లో పడింది, ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లారు. నా గ్లౌజుల మీద రక్తం ఇంకా తడిగానే ఉంది.

అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీలో ఆ మిషన్‌కి అద్దం తలుపు ఉంటుంది. తలుపు మూస్తే ఒక బటన్ నొక్కుకుంటుంది. తీస్తే మిషన్ ఆగిపోవాలి. కవరు ఇరుక్కుని తలుపు తీసినప్పుడల్లా ఆగితే టార్గెట్ రాదని, ఆ బటన్‌ని టేపుతో నొక్కి కట్టేస్తాం. టేపు సూపర్‌వైజరే ఇస్తాడు. ఇన్‌స్పెక్షన్ అంటే పీకేస్తాం. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఆయన ప్రింటు తీసి చదివాడు. పై గడిలో, అక్క మిషన్ ఆపకుండా చేయి పెట్టిందని ఉంది. కింద గడిలో నేను చెప్పింది.

"ఈ కిందిదేటి సార్?"

"వర్కర్ పెర్‌స్పెక్టివ్. అంటే, నీ వైపు నుంచి నీకెలా అనిపించిందో అది."

"అనిపించడమేటి సార్? జరిగిందే సెప్పాను. మరి పైది ఎవల పెర్‌స్పెక్టివ్?"

"పైది రిపోర్టమ్మా. సంతకం పెట్టు, అవతల లైన్ ఆగిపోయింది."

గుమ్మం దగ్గరున్న సూపర్‌వైజర్ నవ్వాడు. "దీనికి నోరెక్కువ సార్. టేపు ఎవలు అంటించినారో అడగండి మరి."

ఆ పొద్దున అంటించింది నేనే. సంతకం పెట్టేశాను.

ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ మాట వెతికితే, దృక్కోణం అని వచ్చింది. మా నాన్న సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి. యారాడ కొండ ఒడ్డు నుంచి ఒకలా, పడవలోంచి ఒకలా కనబడుతుందనేవాడు. ఆ లెక్కన మంచి మాటే. కానీ అక్క చేయి ఎటు నుంచి చూసినా లేదు కదా.

సాయంత్రం అక్క మొగుడికి ఫోన్ చేశాను.

"తప్పు దీనిదేనంట కదా మరదలా. కంపెనీవోల్లు కాయితం సూపించినారు. తలుపు తీసాను, ఆగలేదని ఒకటే ఏడుపు. అబద్దాలాడకే అని తిట్టేసాను."

"ఊఁ" అన్నాను.

మర్నాడు పొద్దున కంపెనీ బస్సు వచ్చినా ఎక్కలేదు. ఆస్పత్రికెళ్లి, అక్క మంచం పక్కన కూర్చుని తెల్లకాగితం మీద రాశాను: టేపు అంటించింది నేను, అంటించమన్నది సూపర్‌వైజర్, అక్క తలుపు తీసింది, మిషన్ ఆగలేదు. అక్కకి వినబడేలా చదివి, సంతకం పెట్టి, బావ చేతికిచ్చాను.