ఆరో పిల్ల

ఆటల టీచరమ్మకు మోకాళ్ల నొప్పులు పట్టుకుని నాలుగేళ్లయింది. అయినా అందరికన్నా ముందొచ్చి వాలీబాల్ వల కట్టేది ఆవిడే. కట్టడానికి ఇంకెవరున్నారు గనక! అటెండరు రిటైరయ్యాక ఆ ఉద్యోగంలోకి మళ్లీ ఎవరినీ తీసుకోలేదు.

ఒకప్పుడు ఈ సర్కారు బడిలో ఆడపిల్లల జట్టులో చోటు కోసం తల్లులు వచ్చి బతిమాలుకునేవారు. బడి వెనకాల బట్టల మిల్లు నడిచే రోజులవి. మిల్లు మూతపడింది. ఆ జాగాలో ఇరవై అంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి. చుట్టుపక్కల అద్దెలు ఆకాశాన్నంటితే మిల్లువాళ్లు ఒక్కొక్కరే సామాను సర్దుకుని ఊరి చివరికి పోయారు. అపార్టుమెంట్లవాళ్లు పిల్లల్ని ఈ బడికి పంపుతారా అంటే, ఎందుకు పంపుతారు? వాళ్ల కోసం రోడ్డవతల నిగనిగలాడే ప్రైవేటు బడి వచ్చింది. ఇక్కడ మిగిలింది ఆ ఫ్లాట్లలో అంట్లు తోమి, ఆ కొత్త బడిలో గదులు తుడిచే తల్లుల పిల్లలే. పై తరగతులన్నీ కలిపినా ఆడపిల్లలు నలభై మంది లేరు.

జట్టుకు ఆరుగురు కావాలి. ఉన్నది లెక్కకు ఆరుగురే. ఒకరికి జ్వరమొస్తే ఆ రోజుకి ఆట బందు. పోటీలకు జట్టు పంపలేని బడికి ఆటస్థలం దేనికి, కార్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామని పై ఆఫీసు నుంచి ఇప్పటికే రెండు తాఖీదులు వచ్చాయి. పంతొమ్మిదేళ్లలో ఒక్క ఏడూ తప్పకుండా జట్టును తీసుకెళ్లిన మనిషి ఆ కాగితాలను రెండోసారి చదవకుండానే మడిచి పెట్టేసింది.

ఆ ఆరుగురిలో అసలైన పిల్ల నిచ్చెన. దాని సొంత పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా ఉండదు. తొమ్మిదో తరగతికే అంత పొడుగు. ఫ్యాను మీద బూజు దులపాలన్నా, బల్బు మార్చాలన్నా బడి మొత్తానికీ అదే దిక్కు. వల దగ్గర అది చేతులెత్తిందంటే అవతలివాళ్లకి దారి మూసుకుపోయినట్టే.

రోడ్డవతలి బడివాళ్ల కన్ను దాని మీద పడనే పడింది. నిచ్చెనకు సీటు ఊరికే ఇస్తామని, బూట్లూ పుస్తకాలూ తామే కొంటామని, పదో తరగతి అయ్యాక కూడా చదివిస్తామని ఉత్తరం పంపారు. ఆటల టీచరు ఒప్పుకుంటూ సంతకం చేసి వచ్చే శుక్రవారంలోగా తిప్పి పంపాలి. పెద్ద మేడమ్ ఆ ఉత్తరం చేతికిచ్చి, మీ పిల్ల, మీ ఇష్టం అనేసి చేతులు దులుపుకుంది.

పోటీలకు పేర్లివ్వాల్సింది ఆ తరువాతి సోమవారం. శుక్రవారం గడిస్తే చాలు, జట్టు బతుకుతుంది. టీచరమ్మ ఉత్తరాన్ని మడిచి బీరువాలో, గాలిపోయిన బంతుల కింద పెట్టేసింది. అక్కడికి పోతే ఆ డబ్బున్న పిల్లల మధ్య ఇది నలిగిపోతుందని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుందే గానీ ఎనిమిది రోజులూ తిన్నది ఒంటబట్టలేదు. నిచ్చెనను తిట్టడం మానేసింది. రోజూ బ్యాగులోంచి ఒక అరటిపండు తీసి దాని చేతిలో పెట్టేది.

శుక్రవారం మధ్యాహ్నం తక్కిన పిల్లలు అన్నానికి వెళ్లిపోయినా నిచ్చెన కదల్లేదు.

"ఇవాళే ఆఖరు కదా మేడమ్" అంది.

"దేనికే?"

"ఆ కాగితానికి."

ఆ ఉత్తరం రాయించిన రోజున రోడ్డవతలి బడి ఆఫీసు గది తుడుస్తున్నది నిచ్చెన వాళ్లమ్మే. పిల్ల ఎత్తెంతని వాళ్లు ఆమెనే అడిగి రాసుకున్నారట. ఈ సంగతి టీచరమ్మకు తట్టకపోవడమే విచిత్రం. ఆరుగురి తల్లుల్లో ఫ్లాట్లకో రోడ్డవతలి బడికో పనికెళ్లనిది ఒక్కతీ లేదు. పొద్దున ఆట ఎన్నింటికి మొదలవ్వాలో వాళ్ల పనివేళలు చూసి పెట్టిందే ఆవిడ!

"తెలిసీ నన్ను అడగలేదేమే?"

"మీరే చెప్తారని చూశా." పిల్ల నేలకేసి చూస్తోంది. "నాకు పోవాలని లేదు మేడమ్. అక్కడ నాకెవరు తెలుసు? ఉండిపోవే అని మీరు ఒక్క మాటంటే ఉండిపోదామనుకున్నా. అమ్మ కూడా సరేనంది. ఎనిమిది రోజులు చూశా."

టీచరమ్మ ఏ మొహం పెట్టుకుని ఇప్పుడు ఉండమంటుంది? సిగ్గుతో చచ్చిపోయింది. బీరువా తెరిచి, బంతులు పక్కకు నెట్టి, ఉత్తరం బయటికి తీసింది. తలుపు మీద ఆనించి సంతకం పెట్టింది.

పిల్ల కాగితం అందుకుంది. కోపంగా ఏమీ లేదు. వస్తా మేడమ్ అని చెప్పి, గేటు దాటి, కార్లు ఆగేదాకా నిలబడి, రోడ్డు దాటింది.

"ఉండిపోవే" అంది టీచరమ్మ అప్పుడు, తనకు మాత్రమే వినబడేలా.