వెనకాల నిలబడిన పిల్ల

సికింద్రాబాదులో బండి ఎక్కేటప్పటికే అలసిపోయి ఉన్నాను. పదకొండేళ్ళ కిందట దివిసీమ మత్స్యకారుల మీద ఒక డాక్యుమెంటరీ తీశాను. మేం అక్కడ ఉండగానే వేటకెళ్ళిన పడవ ఒకటి తిరగబడింది. ముగ్గురిలో ఇద్దరే వెనక్కొచ్చారు. రానివాడి భార్య నాంచారమ్మ గారు రేవులో కూలబడి గుండెలు బాదుకుంటుంటే కెమెరా దించకుండా రెండు నిమిషాలు తీశాను. నాకు పేరు తెచ్చింది ఆ షాటే. ఇప్పుడు యూనివర్సిటీలో సినిమా పాఠాలు చెబుతున్నాను. ఎదుటివాళ్ళ కష్టాన్ని తెరకెక్కించే హక్కు మనకెంతవరకు ఉందన్నదే నా పరిశోధన. మొన్న క్లాసులో ఒకమ్మాయి, ఆవిడ ఈ సినిమా చూశారా మేడం అని అడిగింది. చూడలేదు. నేను చూపించలేదు. వచ్చే వారం ఒక కాలేజీలో ప్రదర్శన ఉంది. ఈలోపే వెళ్ళి అడగాలనిపించింది.

గుడివాడలో తెల్లవారింది. అరగంట ఆలస్యంగా, ఏడింటికి మచిలీపట్నంలో దిగాను. స్టాండు దగ్గరి లాడ్జిలో స్నానం చేసి, ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, ఎనిమిదింబావుకి అవనిగడ్డ బస్సు ఎక్కాను. పక్క సీట్లో ఖాదర్ గారని రోల్డుగోల్డు పనివారు, చల్లపల్లిలో షాపులకి గొలుసులు ఇవ్వడానికి వెళ్తున్నారు. నా పని సినిమాలని తెలిసి నవ్వారు.

“మా దగ్గరికీ వస్తారండీ టీవీలవాళ్ళు. పనిచేసే చేతుల్ని వీడియో తీసుకుని వెళ్ళిపోతారు. పేరడిగినవాడు లేడు.”

చల్లపల్లిలో ఆయన దిగిపోయారు. అవనిగడ్డలో బస్సు మారి, నాగాయలంకలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా ఒకప్పటి వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. నీళ్ళలో గాలి చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. పల్లె చేరేసరికి పదకొండున్నర దాటింది, ఎండ మండిపోతోంది.

నాంచారమ్మ గారు చేపలమ్మి అప్పుడే వచ్చారు. నన్ను ఆనవాలు పట్టడానికి కాసేపు పట్టింది. అన్నం పెట్టి, తిన్నాకే మాట్లాడమన్నారు. తర్వాత చాపమీద ల్యాప్‌టాప్ పెట్టి ఆ రెండు నిమిషాలూ చూపించాను. ఆవిడ తనని తాను పెద్దగా చూసుకోలేదు. తెర ఎడమ మూల వేలు పెట్టి, మళ్ళీ వెయ్యమన్నారు. అక్కడ వలల పక్కన లంగా ఓణీలో ఒక పిల్ల ఏడవకుండా నిలబడి ఉంది.

“ఇది మా అమ్మాయి ప్రసన్నండి. ఒక్కత్తే నిలబడింది చూడండి. నేనంటే నా ఏడుపులో ఉన్నాను. దీన్నెవరూ దగ్గరికి తీసుకోలేదండి.”

మీరూ తీసుకోలేదని అనలేదు. అన్నట్టే వినబడింది నాకు. ఆ షాట్ ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడిగాను. మొగుడి కోసం ఏడవడంలో సిగ్గేముందన్నారు, తన వరకు ఉంచుకోవచ్చన్నారు.

“పిల్ల సంగతి మాత్రం పిల్లనే అడగండి. బంటుమిల్లిలో ఇచ్చాం.”

ఫోను చేసి నేనొస్తున్నానని కూతురికి చెప్పారు కూడా. మూడింటికి బయల్దేరితే చీకటిపడే వేళకి మచిలీపట్నం చేరాను. నడుము నొప్పి. భోజనం చెయ్యబుద్ధి కాలేదు.

మర్నాడు తొమ్మిదింటి బస్సులో బంటుమిల్లి. ప్రసన్న రోడ్డు మీదే టైలరింగ్ షాపు పెట్టుకుంది. పాతికేళ్ళుంటాయి. స్టూలు వేసి కూర్చోబెట్టి, చేతిలో ఉన్న జాకెట్టు పూర్తిచేసి మిషను ఆపింది. ల్యాప్‌టాప్ తీయబోతే వద్దంది. ఎవరో నెట్‌లో పెడితే పెళ్ళికి ముందే చూసిందట. చూసిన చుట్టాలు రాయిలాంటి పిల్లన్నారట.

ఆ మాట దగ్గర నాకు తల వంగిపోయింది. నా పరిశోధన వ్యాసంలో ఈ పిల్ల గురించి ఒక వాక్యం ఉంది: శోకానికి అలవాటుపడిపోయిన బాల్యమని. రాసేటప్పుడు చాలా లోతైన మాట అనుకున్నాను.

ఆ రోజు ఏం జరిగిందని ఇప్పుడు అడిగాను.

“నాన్న ఈదుకుంటూ వస్తాడనుకున్నానండి. అమ్మ ఊరికే ఏడుస్తోందనుకుని నీళ్ళకేసి చూస్తున్నాను. మూడో రోజు దొరికాడు. అప్పుడేడ్చాను. అప్పటికి మీరు వెళ్ళిపోయారు.”

నిజమే, షూటింగ్ అయిపోయిందని రెండో రోజు పొద్దున్నే సామాను సర్దుకున్నాం. క్షమించమన్నాను. సినిమాలో ఆ ముక్క ఉంచనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

“వద్దండి. అమ్మ సరేనన్నా నాకొద్దు.”

కోపమేమీ లేదు ఆ గొంతులో. కూల్‌డ్రింకు తెప్పించింది, తాగేదాకా కదలనివ్వలేదు. బస్సొస్తే తనే చెయ్యెత్తి ఆపింది.

మధ్యాహ్నం గుడివాడ చేరి, స్టేషన్లో సాయంత్రం బండి కోసం కూర్చున్నాను. ఆ షాట్ తీసేస్తే నా సినిమాకి నడుం విరుగుతుంది. నెట్‌లోకి వెళ్ళిపోయినదాన్ని ఎలాగూ వెనక్కి తేలేను. బండి ఎక్కాక కాలేజీకి ఫోను చేసి ప్రదర్శన రద్దు చెయ్యమన్నాను. వ్యాసంలో ఆ వాక్యం తప్పని పత్రికకి రాయాల్సి ఉంది. రెండు రోజుల్లో ఆరు బస్సులెక్కి నేను తెచ్చుకున్నదల్లా ఒక్క ‘వద్దు’. పదకొండేళ్ళ కిందటే అడిగి ఉంటే ఇంత దూరం రావలసిన పని ఉండేది కాదు. కాలేజీలో ఫోనెత్తినతను, రద్దుకి కారణం ఏమని రాయమంటారు మేడం అని అడిగాడు.

“అందులో ఉన్న అమ్మాయి వద్దంది.”

“అంతేనాండీ?”

అంతేనన్నాను.