కొత్తగూడ ఎత్తు మీద జీపుకు గాలి తీశాను

కర్నూలు నుంచి మాదాపూర్‌కు బస్సులో పొమ్మని అందరూ చెప్పారు. వేలంలో కొన్న పాత డీజిల్ జీపు, నాలుగు చక్రాలూ లాగే బండి, ఇంటి ముందు ఉండగా బస్సెక్కడం నాకు నామోషీ. చెల్లెలు సుభద్రకు పదకొండింటికి ఒక కంప్యూటర్ కంపెనీలో ఇంటర్వ్యూ. మూడు చోట్ల కాదనిపించుకున్నాక వచ్చిన పిలుపు. ఈసారీ రాకపోతే సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టి మిషన్ కుట్టుకుంటానని తేల్చి చెప్పింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. ఏడున్నరకు జడ్చర్లలో ఇడ్లీ, టీ. తొమ్మిదిన్నరకు మెహిదీపట్నం చేరితే, ఒక ఆటో ఆయన గచ్చిబౌలి మీదుగా వెళ్తే రద్దీ ఉండదన్నాడు. నిజమే, రద్దీ లేదు. చాలాచోట్ల రోడ్డూ లేదు. వాన పడి ఎర్రమట్టి అంతా బురదైంది. నాలుగు చక్రాల గేరు వేసి దర్జాగా పోనిస్తుంటే, కొత్తగూడ ఎత్తు మీద బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అప్పటికే పది దాటింది.

"బురదలో దిగబడెనా అన్నా?" అంది సుభద్ర.

అవునన్నాను. తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు.

కట్టడాలకు నీళ్లు తోలే ట్యాంకర్ లారీ ఒకటి వెనకాల ఆగింది. డ్రైవరు పేరు యాదయ్య, మహబూబ్‌నగర్ వైపు మనిషి. బానెట్ ఎత్తి చూశాడు.

"గాలి పట్టింది సార్. జర గాలి తీసి పెట్టున్రి. గా బిల్డింగుకాడ నీళ్లిడిసి పది నిమిషాలల్ల వస్త."

బురదలో టైర్లకు గాలి తగ్గిస్తే పట్టు దొరుకుతుందని ఎక్కడో విన్నాను. శ్రద్ధగా నాలుగింటికీ తీశాను. తిరిగొచ్చిన యాదయ్య నడుమున చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఇదేంది సార్! డీజిల్ పైపుల గాలి దియ్యమంటే టైర్లు పండవెడ్తివి!"

డీజిల్ అడుగంటి, ఎత్తులో పైపు గాలి పీల్చిందట. గేజి ముల్లు ఎప్పుడో పనిమానేసింది. రోజూ ట్యాంకులో పుల్ల పెట్టి చూసుకునేవాణ్ణి, ఆ పూట తొందరలో మరిచాను. టైర్లతోపాటు నా గాలీ అక్కడే పోయింది. సుభద్ర గడియారం చూసుకుంది.

యాదయ్య తన క్యానులోని డీజిల్ పోసి, ఫిల్టరు మీద స్క్రూ వదులు చేశాడు. సుభద్ర కొంగు దోపుకుని, ఇంజను పక్కన డీజిల్ ఎక్కించే చిన్న చేతిపంపు కొట్టింది. నురగ పోయి శుభ్రమైన డీజిల్ చిమ్మగానే స్క్రూ బిగించాడు. ఆ తర్వాత లారీ బ్రేకుల గాలిట్యాంకుకు పైపు తగిలించి టైర్లు నింపాడు. ఇంజను అందుకున్న చప్పుడు వినగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఫికర్ జెయ్యకు చెల్లె, పోయి మంచిగ చెప్పు," అన్నాడు. డబ్బివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

పదీ యాభైకి మాదాపూర్‌లో దిగబెట్టాను. చేతులకు డీజిల్ వాసనతోనే లోపలికి వెళ్లింది. నేను జీపు నీడలో కూర్చుని, కనపడని ఆ డ్రైవరుకు పదిసార్లు దండం పెట్టుకున్నాను. ఈ దారిన జీపులో వచ్చేవాళ్లు షాద్‌నగర్‌లోనే డీజిల్ పోయించుకోండి.

రెండింటికి బయటికొచ్చింది. "సోమవారం చేరమన్యారు అన్నా!"

వచ్చిన దారినే తిరిగి బయలుదేరాం. కొత్తగూడలో యాదయ్య నీళ్లు వదులుతూ కనిపించాడు. నేను కృతజ్ఞతలు మొదలుపెట్టాను, ఆయన వినిపించుకోలేదు.

"అది ఇడువున్రి సార్. చెల్లెకు నౌకరి దొరికిందా?"

"దొరికింది అన్నా," అంది సుభద్ర.

ఆయన పైన పరంజా మీదున్న కూలీలకేసి తిరిగి అరిచాడు. "ఓయ్, మా చెల్లెకు నౌకరొచ్చింది!"

వాళ్లు ఇనుప తట్టలు మోగించారు.

ఎవరూ తెలియని ఈ ఊళ్లో ఒంటరిగా ఎలా వదలాలా అని వచ్చేటప్పుడు దారంతా బెంగపడ్డాను. షాద్‌నగర్ దాటాక చూస్తే సుభద్ర హాయిగా నిద్రపోతోంది. సోమవారం ఒక అన్న కర్నూలు వెళ్లిపోయినా, ఇంకో అన్న కొత్తగూడలో ఉంటాడు.