తేలిక నడకల డ్యూటీ

మధ్యాహ్నం రెండింటికి ట్రక్కు నన్ను లోయలో దింపింది. సెప్టెంబరు చివర. ఎండలో నిలబడితే వీపు కాలుతోంది, నీడలోకి జరిగితే పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎత్తు పదకొండు వేల అడుగులని బోర్డు మీద రాసి ఉంది. కిట్ బ్యాగు భుజాన వేసుకుని ఇరవై అడుగులు నడిచానో లేదో ఆయాసం వచ్చి కూలబడ్డాను. పొదిలి దగ్గర మా ఊళ్ళో మిర్చి టిక్కీలు, అంటే కాయలు కుక్కిన బస్తాలు, ఎత్తి ట్రాక్టర్లోకి విసిరినవాణ్ణి.

రెండు పక్కలా పచ్చని ఆకు అన్నది లేని కొండలు. మధ్యలో ఏరు. ఏటి వెంట ఎగువకు పోతే కొండ నిలువునా చీలి, ఆ చీలికలో మూడడుగుల వెడల్పు దారి. అది దాటితే వేడినీళ్ళ ఊట. మా పోస్టులు అక్కణ్ణించి ఇంకా చాలా పైన, మంచులో.

ఆ పోస్టులకు నేను వెళ్ళేది లేదు. అంతకు ముందు ఇంకో కొండ మీద నా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఇకపై పన్నెండు వేల అడుగులు దాటనివ్వొద్దని డాక్టర్లు రాసేశారు. కంపెనీ కమాండర్ నన్ను పిలిచి, "హవల్దార్, కొత్తగా వచ్చిన జవాన్లను నువ్వు షికారు తిప్పాలి. షికారే. పరుగులు పెట్టించావంటే నిన్ను కిందికి పంపిస్తా" అన్నారు.

అది నిజంగా షికారే. మైదానం నుంచి వచ్చినవాణ్ణి నేరుగా పైకి పంపితే చస్తాడు. అందుకని మొదటి రెండు రోజులు మంచం. మూడో రోజు ఏటి ఒడ్డున చదునుగా నడక. నాలుగో రోజు కొండ చీలిక మొదటిదాకా. ఐదో రోజు చీలికలోంచి వేడినీళ్ళ ఊట దాకా వెళ్ళి రావడం. ఆరో రోజు కొంచెం ఎక్కుడు. ఎవడు ఎగరొప్పుతున్నాడు, ఎవడు అన్నం వదిలేస్తున్నాడు, ఎవడి అడుగు తడబడుతోంది అని నేను చూడాలి. సాయంత్రం డాక్టర్ సాబ్‌కు చెప్పాలి. అంతే నా డ్యూటీ.

మా ఊరి కుర్రాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, "బోర్డర్లో ఎంతమందిని కాల్చావు మావా?" అని. "ఎవర్నీ కాల్చలేదురా, నడిపించా" అంటాను. గొప్పలు చెప్పుకోడని మెచ్చుకుంటారు. జెండా పండక్కి బడికి పిలిచి దండేస్తారు. ఆ దండ మెడలో పడగానే నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఎందుకంటే ఆ డ్యూటీ నాకు నచ్చింది. పైన జవాన్లు మంచు కరిగించుకుని తాగుతున్నప్పుడు నేను ఊట దగ్గర బండ మీద కూర్చుని, బూట్లు విప్పి, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉండేవాణ్ణి. గంధకం వాసన కాస్త ఇబ్బంది. అదొక్కటే నా కష్టం.

నవంబరు బ్యాచ్‌లో ఒక రేడియో ఆపరేటర్ వచ్చాడు. నేను హిందీలో పేర్లు పిలుస్తుంటే నా యాస పట్టేశాడు.

"ఏ ఊరన్నా మనది?"

"పొదిలి దగ్గర."

"మాది కనిగిరి అన్నా. ఐతే మనం పక్కూరోళ్ళమే."

లోయ మొత్తానికి తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. నేను కనిగిరీ అని పిలిస్తే అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. మాటకారి. పై పోస్టుకు వెళ్ళాలని మహా ఉబలాటం. వాళ్ళ చర్చిలో అతన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపారట. పోస్టు మీద జెండా పక్కన దిగిన ఫొటో పాస్టర్ గారికి పంపిస్తానని మాట ఇచ్చి వచ్చాడు.

వాళ్ళ నాలుగో రోజు నడక. రాత్రి పలచగా మంచు పడింది. చీలిక మొదటిదాకా వెళ్ళి, టీ తాగి, తిరుగుముఖం పట్టాం. నేను వెనక నడుస్తున్నాను. మంచులో అందరి అడుగులూ దారి వెంట సూటిగా ఉన్నాయి. ఒక్క జత మాత్రం దారికి అడ్డం పడి ఏటివైపు పోయి, మళ్ళీ ఇటు వచ్చి, మళ్ళీ పోయింది. ఎవరివా అని తలెత్తి చూస్తే కనిగిరివి.

మా వైపు మిరపతోటలో పెరిగినవాడు అలా నడవడు. రెండు సాళ్ళ మధ్య, మొక్క తొక్కకుండా, అడుగు ముందు అడుగు వేయడం మాటలతో పాటే వస్తుంది. మందు కొట్టే డబ్బా వీపున ఉన్నా, కల్లు తాగి ఉన్నా సాలు తప్పడు. తప్పితే వీపు విమానం మోత మోగుతుంది.

దగ్గరికి వెళ్ళి, "ఏరా, సాలు తప్పుతున్నావేంది?" అన్నాను.

"నిద్దర చాల్లేదన్నా."

"తలనొప్పి ఉందా?"

టోపీ కిందికి లాక్కుని, "రాత్రి నుంచి పగిలిపోతా ఉంది. డాక్టర్‌కి చెప్పబాకన్నా. మూడ్రోజుల్లో కాన్వాయి పైకి పోతంది. నన్ను ఎనక్కి పంపిస్తే ఊళ్ళో ఏ మొహం పెట్టుకోను?" అన్నాడు.

మంచులో నా కర్రతో గీత గీశాను. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ దాని మీద నడవమన్నాను. నాలుగో అడుగుకే పక్కకు ఒరిగి నా మీద పడ్డాడు. అతన్ని పట్టుకుని క్యాంపు దాకా నడిపించి, తిన్నగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

మెదడులో వాపు మొదలైందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. "ఇతను పైకి వెళ్ళి ఉంటే తిరిగి వచ్చేవాడు కాదు" అని డాక్టర్ నా భుజం తట్టారు. కనిగిరిని అంబులెన్సులో కిందికి పంపుతుంటే ముఖానికి మాస్కు ఉంది. అది తీసి నాతో ఒక్క మాట అన్నాడు. "సొంత మనిషివనుకున్నా." నాకు బాధ కలగలేదు. మంచి పని చేశానన్న ధీమా ఉంది. ఆ ధీమా అరగంట ఉంది.

కంపెనీ కమాండర్ పిలిచారు. పై పోస్టుకు రేడియో ఆపరేటర్ కావాలి. ఆ ఎత్తుకు అలవాటు పడ్డవాడై ఉండాలి. "కిందికి దిగినవాళ్ళలో ఎవరున్నారు?" అని అడిగారు. నాకు తెలుసు. అందరూ ఉస్తాద్ అని పిలిచే సీనియర్ ఆపరేటర్ రెండు రోజుల క్రితమే తన వంతు ముగించుకుని పైనుంచి దిగాడు. ఉత్తరాఖండ్ కొండల మనిషి. సెలవు మంజూరైంది. తెల్లారితే ఇంటికి బయల్దేరాలి. తెలియదని చెప్పొచ్చు. చెప్పినా వాళ్ళు ఎలాగూ కనుక్కునేవాళ్ళు. కానీ అడిగింది నన్ను, చెప్పింది నేను.

"ఎక్కడున్నాడు?"

"వేడినీళ్ళ దగ్గర, సాబ్."

పిలుచుకు రమ్మన్నారు. చీలికలోంచి నడిచి వెళ్ళాను. ఉస్తాద్ మెడదాకా నీళ్ళలో ఉన్నాడు. ముఖమంతా నల్లగా మాడింది, నల్లద్దాలు పెట్టుకున్న చోట మాత్రం తెల్లగా ఉంది. మూడు నెలల తర్వాత మొదటి స్నానం. సబ్బు సగం అరగదీశాడు. సంగతి చెప్పాను.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"పది రోజులంటున్నారు ఉస్తాద్. ఇంకో ఆపరేటర్ వచ్చేదాకా."

"మీ తెలుగాయనకు ఎలా ఉంది?"

"ప్రాణానికి భయం లేదన్నారు."

"మంచిది. నీళ్ళు బాగున్నాయి. ఐదు నిమిషాలాగు, వస్తా."

నేను అటు తిరిగి నిలబడ్డాను. నాకు వెళ్ళే వీలుంటే నేనే వెళ్ళేవాణ్ణి అని ఆ ఐదు నిమిషాలూ అనుకున్నాను. వీలు లేదని తెలిసినవాడు అలా అనుకోవడం ఎంత తేలికో కూడా నాకు తెలుసు.

ఆయన వెళ్ళాక వాతావరణం మూసుకుపోయింది. పది రోజులు ముప్పై దాటాయి. కాన్వాయి లేదు, హెలికాప్టర్ లేదు. రోజూ సాయంత్రం రేడియో సెట్టు దగ్గర కూర్చుని ఆయన గొంతు వినేవాణ్ణి.

"అంతా కుశలం. గాలి ఎక్కువ. ఓవర్."

"తినడానికి ఉందా? ఓవర్."

"ఉంది. స్నానమే లేదు. నీ ఊటను కొంచెం పైకి పంపు. ఓవర్."

ఒక సాయంత్రం గొంతు రాలేదు. గాలికి యాంటెనా పడిపోయింది. పోస్టులో ఒక జవానుకు ఛాతీలో నొప్పి, సలహా అడగాలంటే సెట్టు ఒక్కటే దిక్కు. ఉస్తాద్ బయటికి వెళ్ళి యాంటెనా నిలబెట్టాడు. మందపాటి గ్లవ్స్‌తో వైరు ముడి పడదు. తీసేశాడు. గాలి మళ్ళీ పడేసింది, ఆయన మళ్ళీ వెళ్ళాడు. మాకు గొంతు వినిపించింది, డాక్టర్ సలహా చెప్పారు, ఆ జవాను బతికాడు. తన వేళ్ళు మంచుకు నల్లబడిపోయిన సంగతి ఉస్తాద్ మర్నాడు గానీ చెప్పలేదు.

వాతావరణం తెరుచుకున్న రోజు ఆయన్ను హెలికాప్టర్లో దించారు. మా దగ్గర కాసేపు ఆగి ఆసుపత్రికి పోవాలి. నేను కొత్త బ్యాచ్‌తో ఊట దగ్గర ఉన్నాను. నడక ముగించి వచ్చేసరికి హెలికాప్టర్ వెళ్ళిపోయిందని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. దాని చప్పుడు లోయలో నాకు వినిపించింది. గబగబా నడిస్తే అందేవాణ్ణి. కుర్రాళ్ళతో, "ఇంకో పది నిమిషాలు కూర్చోండిరా, తొందరేముంది" అన్నాను. ఎనిమిది వేళ్ళు తీసేశారని తర్వాత తెలిసింది.

నా సర్వీసు అయిపోయి ఊరొచ్చాను. నాలుగెకరాలు కౌలుకు పట్టి మిర్చి, పత్తి వేస్తున్నాను. కనిగిరి కూడా ఆరోగ్యం బాగాలేదని సర్వీసు వదిలి వచ్చేశాడు. మొదట్లో నా మీద కోపం. డాక్టర్లు అన్నీ వివరించాక అది ప్రేమయింది. ఆ ప్రేమ భరించడమే నాకు కష్టమైంది. పెళ్ళికి నన్ను పెద్ద మనిషిని చేశాడు. కూతురు పుడితే మొదట నా చేతిలో పెట్టాడు. ఉస్తాద్ సంగతి మాత్రం నేను చెప్పలేదు, అతను అడగలేదు.

ఉస్తాద్ అప్పుడప్పుడు వాయిస్ మెసేజ్ పంపుతాడు. పండగ శుభాకాంక్షలు, వానల కబుర్లు. ఒక్కటి కూడా టైపు చేసింది ఉండదు. మాట్లాడే ధైర్యం లేక నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాణ్ణి. ఏం బొమ్మ పెడుతున్నానో కొన్నాళ్ళకు గానీ బుర్రకెక్కలేదు. ఆ తర్వాత అదీ మానేశాను.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం కనిగిరి నన్ను తన చర్చికి తీసుకెళ్ళాడు. సాక్ష్యం చెప్పాలన్నాడు. వాళ్ళలో మేలు పొందినవాడు లేచి అందరి ముందూ దాన్ని చెప్పుకోవడం ఆనవాయితీ. మైకు పట్టుకుని మంచులో అడుగుల దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు. "నేను సాలు తప్పితే చూడ్డానికి దేవుడు ఈ అన్నను అక్కడ నిలబెట్టాడు. లెగన్నా" అన్నాడు. లేచాను. అందరూ స్తోత్రం అన్నారు. ఒక ముసలామె వచ్చి నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను లాక్కున్నాను. ఆమె బిత్తరపోయింది.

మధ్యాహ్నం అతని కల్లంలో కూర్చున్నాం. కాయలు ఎండుతున్నాయి. ఇక దాచలేక ఊట దగ్గర్నుంచి హెలికాప్టర్ దాకా మొత్తం చెప్పేశాను. కనిగిరి తల వంచుకుని ఒక కాయ తొడిమ తుంచుతూ విన్నాడు.

"నా బదులు ఎవురో ఒకరు పోయుంటారని తెలుసన్నా. అడిగితే ఏం ఇనాల్సొస్తదో అని అడగలా" అన్నాడు. తుంచిన తొడిమ పారేసి, "నంబరుందా?" అన్నాడు.

"ఉంది. ఏమని మాట్లాడతావురా?"

"తెలీదు. చెయ్యన్నా."

వీడియో కాల్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. కనిగిరి మళ్ళీ చెయ్యమన్నాడు. ఆగిపోతుందనగా ఎత్తారు. తెర నిండా ఏదో గుండ్రంగా, గోధుమరంగులో ఉంది. అది మెల్లగా వెనక్కి జరిగితే తెలిసింది, ముక్కు కొస. నవ్వొచ్చింది మా ఇద్దరికీ. ఆ వెంటనే అర్థమైంది.

"ఏమనుకోకు హవల్దార్" అన్నాడు ఉస్తాద్, ఆయనా నవ్వుతూ. "చలికి మొండి వేళ్ళు మాట వినవు. ఫోనుకు ముక్కే నయం. పక్కన ఎవరు?"

ఫోను కనిగిరి వైపు తిప్పాను. అతను రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. "మా కనిగిరి, ఉస్తాద్" అన్నాను.

"ఓ, మన తెలుగాయన కదూ? తలనొప్పి తగ్గిందా నాయనా?" అని అడిగాడు ఉస్తాద్.

తగ్గిందని కనిగిరి తలూపాడు.

కొండలు, మంచు నాకు కలలోకి రావు. కానీ ఎక్కడైనా, ఎవరి ఫోనైనా ఆగకుండా మోగుతుంటే, చలిలో ఒక మనిషి దాని మీదికి వంగి ముక్కుతో వెతుక్కుంటూ కనిపిస్తాడు.