చావింటి గడప మీద అన్న మాట

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. పిల్లి ఎదురైతే ఎందుకు ఆగాలి, తుమ్మితే ఎందుకు కూర్చోవాలి అని పిల్లల చేతే అడిగించే రకాన్ని. ఇది చదివి ఎవరైనా నవ్వితే తప్పు పట్టను.

మా ఇళ్ళలో గడప దాటేవాళ్ళు ‘పోతాను’ అనకూడదు, ‘పోయొస్తా’ అనాలి. ఇంట్లోవాళ్ళు ‘మంచిది, రా’ అనాలి. బయల్దేరినవాళ్ళను ‘యాడికి’ అని అడగడం మా అత్త దృష్టిలో ఇంకా పెద్ద తప్పు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు.

చావింట్లో మాత్రం పద్ధతి తిరగబడుతుంది. ఎవరితోనూ చెప్పకుండా లేచి వచ్చేయాలి. ఎందుకని అడిగితే మా అత్త, “ఆడ ఇంగా ఎవురు వింటా ఉండారో మనకేం తెలుసు” అనేది. ఆ ఇంటికి ఇంకో చావుకు రావాల్సి వస్తుందన్న భయంతో పుట్టిన ఆచారం, అంతకు మించి ఏమీ లేదని నేను తేల్చేసేదాన్ని.

మా ఆయన మర్యాదకు పెట్టింది పేరు. బస్సు దిగేటప్పుడు కండక్టరుకు కూడా పోయొస్తానని చెప్పే మనిషి. దానికి నేను ఆటపట్టించని రోజు లేదు.

పోయిన వేసవిలో వడమాలపేటలో మా పెద్దత్త, అంటే మా అత్తకు అక్క, చనిపోయింది. పిల్లల్లేని మనిషి. చిన్నప్పుడు మా ఆయన్ని దగ్గర పెట్టుకుని చదివించింది ఆవిడే. మట్టి చేసి వచ్చిన మగవాళ్ళు కాళ్ళు కడుక్కుని దీపం చూసుకున్నాక మా అత్తతో కలిసి మేం బయల్దేరాం. గడప మీద కాలు పెట్టిన మా ఆయన ఏళ్ళ అలవాటు కొద్దీ లోపలికి తిరిగి, “పోయొస్తా పెద్దమ్మా” అన్నాడు.

లోపలి గదిలో నుంచి జవాబు వచ్చింది.

“మంచిది నాయనా. బిన్నా రా.”

తొందరగా రమ్మని ఆవిడ ఎప్పుడూ అనే మాటే. గొంతూ ఆవిడదే. నేను వెంటనే వెళ్ళి చూశాను. గదిలో దీపం వెలుగుతోంది, ఎవరూ లేరు. మా అత్త మొహం పాలిపోయింది. దుఃఖంలో చెవులకు ఏవేవో వినిపిస్తాయని సర్దిచెప్పాను. ముగ్గురికీ ఒకే మాట ఎలా వినిపించిందో మాత్రం ఆలోచించదలచుకోలేదు.

దినాలు అయ్యాక ఆ ఇంటికి తాళం పడింది. మా ఆయన రోజూ బస్సులో పుత్తూరు వెళ్ళి ఎరువుల కొట్లో పని చేస్తాడు. వడమాలపేట దారిలోనే వస్తుంది. ఒకరోజు మనిషి పనికి రాలేదని కొట్టు నుంచి ఫోను వచ్చింది. వెతుక్కుంటూ పోతే పెద్దత్త ఇంటి ముందు కనిపించాడు. బస్సు ఎప్పుడు దిగాడో తనకే తెలియదన్నాడు. నిద్రమత్తులో దిగేసి ఉంటాడని తీసిపారేశాను.

అది మళ్ళీ జరిగింది. తర్వాత తరచూ జరిగింది. మర్యాదగా చెప్పులు గడప కింద విడిచి, తాళం వేసిన తలుపుకు నుదురు ఆనించి నిలబడేవాడు. ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగితే గానీ ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు. తిండి తగ్గిపోయింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. మనిషి మాత్రం నా కళ్ళ ముందే కరిగిపోతున్నాడు. నాకు చచ్చేంత భయమేసింది.

“వస్తానని మాటిచ్చినాడు గదా, అందుకే మా అక్క పిలస్తా ఉండాది,” అంది మా అత్త. “ఆ గడప కాడికే పొయ్యి, ఇంగ రానని చెప్పేసి రావాల.”

“పెంచిన తల్లికి ఆ మాట యెట్ల చెప్పేదమ్మా,” అని ఆయన తల దించుకున్నాడు.

దాంతో నేనే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. ఎదురింటివాళ్ళు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నారు. నాకు పిచ్చి పట్టిందనుకుంటారేమో అని సిగ్గుపడుతూనే, తలుపు ముందు నిలబడి చెప్పేశాను. “పెద్దత్తా, ఆయన ఇంగ రాడు. ఆయన్ను ఇడిసిపెట్టు.”

లోపల చడీచప్పుడు లేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది. ప్రాణంలా పెంచిన మనిషితో అంత కటువుగా మాట్లాడానే అని కాస్త జాలి కూడా వేసింది. ఆ జాలితోనే మెట్టు దిగుతూ, బుద్ధి తెలిసినప్పటి నుంచి ఏ గడప దగ్గరైనా అనే మాటే అనేశాను.

“పోయొస్తా పెద్దత్తా.”

నాలుక కరుచుకునే లోపే తలుపు వెనక నుంచి, బాగా దగ్గరగా వినిపించింది.

“మంచిది తల్లీ. బిన్నా రా.”

ఆ తర్వాత మా ఆయన వడమాలపేటలో దిగలేదు. మునుపటిలా తింటున్నాడు, ఒళ్ళు చేశాడు. నాకు వచ్చిన జవాబు సంగతి ఆయనకు గానీ మా అత్తకు గానీ చెప్పలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. నేను చదివిన సైన్సులో దానికి సమాధానం దొరకలేదు.

నిన్న సాయంత్రం వంటింట్లో బీరకాయలు తరుగుతున్నాననే అనుకుంటున్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగారు. చూసుకుంటే, చెప్పులేసుకుని వీధి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మా అత్త నా మొహంలోకి చూస్తూ, ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగింది.

“యాడికమ్మా?”